మా ఇంటి స్మార్ట్ మీటరు: బ్రాడీపేట నుంచి ఒక వేసవి లెక్క

ఫ్యాను కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతాం. బేరమాడి, గ్యారంటీ కార్డు మీద ముద్ర వేయించుకుని మరీ తెచ్చుకుంటాం. కరెంటు మీటరు మాత్రం మనం ఎంచుకునేది కాదు. ఎవరో వచ్చి గోడకు బిగించి వెళతారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి నెలనెలా మన ఖర్చు చెప్పేది అదే. అందుకే దాన్ని కూడా ఒక వస్తువుగా పరీక్షించి, ఉన్నది ఉన్నట్టు రాయాలనుకున్నాను. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఇల్లు గుంటూరు బ్రాడీపేటలో. ఇంట్లో ఉండేది మేమిద్దరం, ఎనభై నాలుగేళ్ల మా అమ్మ.

2025 ఏప్రిల్ మొదటి వారంలో ఒకరోజు పదకొండు గంటలకు పాత మీటరు తీసి స్మార్ట్ మీటరు (వాడకం లెక్కను తనంతట తానే కార్యాలయానికి పంపే మీటరు) పెట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు నిచ్చెన, అట్టపెట్టె పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ముందు రోజు ఫోను లేదు, కాగితం లేదు. "మాస్టారూ, ఇరవై నిమిషాల పని, కరెంటు ఆపుతున్నాం" అన్నారు. లోపల అమ్మ పడుకుని ఉంది. ఆ ఎండలో ఫ్యాను ఆగితే ఆవిడకు ఎలా ఉంటుందో వాళ్లకు తెలియదు, తప్పు వాళ్లది కాదు. ఏ రోజు, ఏ వేళకు వస్తారో పంపినవాళ్లు ముందుగా చెప్పి ఉండాల్సింది. ఈ ఒక్క విషయంలో మాత్రం సర్దుకుపోను. మంచం మీద ఉన్నవాళ్లు, పసిపిల్లలు, ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

బిగించిన కుర్రాడు మాత్రం పని శుభ్రంగా చేశాడు. వైరు చివరలు కొత్తగా చెక్కి, మరలు గట్టిగా బిగించి, మూతకు సీలు వేశాడు. పాత మీటరు విప్పబోతుంటే మా ఆవిడ "ఒక్క నిమిషం ఆగు బాబూ" అని ఫోనుతో దాని మీద అంకెలు కనబడేట్టు ఫొటో తీసింది. 18,642. ఆ ఫొటో విలువ నెల తిరిగాక తెలిసింది.

మొదటి బిల్లు 418 యూనిట్లకు వచ్చింది. వేసవిలో మా వాడకం మూడు వందలు దాటడం మామూలే కానీ ఏప్రిల్లో ఎన్నడూ నాలుగు వందలు దాటలేదు. బిల్లు పక్కన ఫొటో పెట్టి చూస్తే, పాత మీటరు ఆఖరి రీడింగు 18,742 అని ఎక్కించారు. ఆరు స్థానంలో ఏడు. అసలు వాడినవి 318. వంద యూనిట్లే కదా అనుకోవద్దు. శ్లాబుల్లో, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే మెట్లలో, అవి పైమెట్టు యూనిట్లు. యూనిట్ల ఖరీదు మాత్రమే లెక్కగడితే 318కి 1,830 రూపాయల 75 పైసలు, 418కి 2,723 రూపాయల 75 పైసలు. ఒక్క అంకె మారినందుకు 893 రూపాయలు. కరెంటు కార్యాలయానికి మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి "కొత్త మీటరు కచ్చితంగా ఉంటుంది, పాతదే తక్కువ చూపించేది" అన్నారు. రెండోసారి సంబంధిత ఉద్యోగి లేరు. మూడోసారి ఫొటోను అచ్చు వేయించి, అర్జీకి జతచేసి, రసీదు అడిగాను. పంతొమ్మిది రోజులకు సరిచేసి, తేడాను తర్వాతి బిల్లులో తగ్గించారు. ఫొటో లేని ఇంటివాళ్ల గతి ఏమిటన్నది నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. మీ ఇంటికి మీటరు మార్చడానికి ఎవరు వచ్చినా సరే, పాత మీటరు ఆఖరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె రెండూ ఫొటో తీసుకోండి. కాగితం మీద రాసిస్తే తేదీ చూసి సంతకం పెట్టండి.

ఇక మీటరు సంగతి. కొత్త మీటర్లు గిర్రున తిరిగిపోతాయన్న భయం మా వీధిలో అందరికీ ఉంది. స్మార్ట్ మీటర్లు వద్దని రాష్ట్రంలో వామపక్షాలు ధర్నాలు కూడా చేశాయి. భయాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు, గుడ్డిగా నమ్మడమూ ఇష్టం లేదు. మీటరు ముందు పలకను దగ్గర నుంచి చూస్తే ఒక చిన్న ఎర్ర దీపం, దాని పక్కన 3200 అన్న అంకె ఉన్నాయి. ఒక యూనిట్ ఖర్చయ్యేలోగా ఆ దీపం 3,200 సార్లు మెరుస్తుందని అర్థం. (మీ మీటరు మీద ఇంకో అంకె ఉండవచ్చు, దానితోనే లెక్క వేయండి.) అంటే మన దగ్గర ఒక గడియారం, ఒక బల్బు ఉంటే మీటరును మనమే పరీక్షించుకోవచ్చు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, అమ్మ భోజనానికి వసారాలో కూర్చున్నప్పుడు, ఫ్రిజ్ ప్లగ్గుతో సహా అన్నీ తీసేసి, పాత వంద వాట్ల బల్బు ఒక్కటి వెలిగించాను. లెక్క ప్రకారం 20 మెరుపులకు 225 సెకన్లు పట్టాలి. మా ఆవిడ వాచీ చూస్తూ ఉంటే నేను మెరుపులు లెక్కపెట్టాను. 221 సెకన్లు పట్టింది. బల్బు మీద రాసిన వాట్లు వోల్టేజీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి కాబట్టి దీన్ని ప్రయోగశాల పరీక్ష అనను. కానీ మీటరు రెట్టింపు వేగంతో పరిగెడుతోందన్న భయం పోవడానికి ఇది చాలు. అప్పటికీ అనుమానం తీరకపోతే దారి ఉంది. 2024లో కేంద్రం సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం, రీడింగు వాడకానికి సరిపోలడం లేదని మనం ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన ఇంకో మీటరు పెట్టాలి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూడాలి. ఈ మాట మీటరు పెట్టినరోజే చేతికిచ్చే కాగితం మీద తెలుగులో ఉంటే సగం గొడవలు ఉండవు.

అసలు విశేషం ఆ బల్బుకు ముందే జరిగింది. ఇంట్లో స్విచ్చులన్నీ ఆపేశాక కూడా ఎర్ర దీపం మెరుస్తూనే ఉంది. 45 సెకన్లకు ఒకసారి. నేను గోడ దగ్గర నిలబడి పది మెరుపులు చూశాను, మారలేదు. 45 సెకన్లకు ఒక మెరుపంటే 25 వాట్లు. వినడానికి చిన్నదే. రోజంతా, నెలంతా లెక్కేస్తే 18 యూనిట్లు దాటుతుంది. వేసవిలో మా యూనిట్లు 8 రూపాయల 75 పైసల మెట్టులో ఉంటాయి కాబట్టి నెలకు 160 రూపాయల పైమాట. ఎవరూ వాడని కరెంటు! ఇన్వర్టర్ ప్లగ్గు తీశాను. మెరుపు 112 సెకన్లకు జరిగింది, అంటే 10 వాట్లకు దిగింది. పాతబడిన బ్యాటరీని నింపుతూ ఇన్వర్టర్ ఒక్కటే 15 వాట్లు తాగుతోంది. మిగిలిన పది వాట్లు సెట్‌టాప్ బాక్సువి, ఇంటర్నెట్ పెట్టెవి. అవి కూడా తీసేశాక దీపం ఆగిపోయింది. బల్బు పరీక్ష మొదలుపెట్టింది ఆ తర్వాతే.

ఇది పాత మీటరుతోనూ చేయగలిగిన పనే, నిజమే. కొత్త మీటరు ప్రత్యేకంగా ఇచ్చేది అరగంట లెక్క. ఏ రోజు ఏ అరగంటలో ఎంత వాడామో మరుసటి రోజుకు ఫోనులో కనిపిస్తుంది. దానికోసం పెట్టిన యాప్ మాత్రం నాకు తృప్తినివ్వలేదు. అంతా ఇంగ్లీషే. నిలువు గీతల బొమ్మ ఉంటుంది కానీ అంకె చూడాలంటే ఒక్కో గీత మీద వేలు పెట్టాలి, నావంటి వయసువాళ్ల వేలికి పక్క గీత తగులుతుంది. వారం లెక్క మొత్తంగా దించుకోవడానికి వీలు దొరకలేదు. నేను చివరకు చూసి రాసుకోవడానికి పాత చేతిరాత పుస్తకమే తీశాను. ఎడమవైపు వేళలు, కుడివైపు యూనిట్లు. మే నెలలో ఒక వారం అలా రాశాను.

ఆ వారం మొత్తం 84 యూనిట్లు. పగలు తొమ్మిది నుంచి ఐదు వరకు 24. సాయంత్రం ఆరు నుంచి పది వరకు 18. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు వరకు 36. మిగతా గంటల్లో 6.

ఈ పట్టిక నా ముందు పెట్టుకున్నాక, అందరూ మాట్లాడుకునే వేళ ధరల (రోజులో వేళను బట్టి మారే యూనిట్ ధరల) సంగతి నాకు మొదటిసారి స్పష్టంగా అర్థమైంది. దాని వెనకున్న కారణం న్యాయమైనదే. పగలు కర్నూలు, అనంతపురం వైపు సౌర పలకలు ఎండలో పుష్కలంగా కరెంటు ఇస్తాయి. సూర్యుడు దిగిపోయాక అది ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లకు చేరిన జనం దీపాలు, ఏసీలు, మోటార్లు అన్నీ ఒకేసారి వేస్తారు. ఆ నాలుగైదు గంటల కోసం ఇబ్రహీంపట్నం నార్ల తాతారావు కేంద్రం వంటి బొగ్గు కేంద్రాలు ఉత్పత్తి పెంచాలి, చాలకపోతే బయట ఖరీదైన కరెంటు కొనాలి. కాబట్టి పగలు చౌక, సాయంత్రం ప్రియం అనడంలో తప్పు లేదు. 2023 జూన్‌లో కేంద్రం నిబంధనలు సవరించి, రోజుకు ఎనిమిది గంటల సౌర వేళల్లో ధర మామూలు కంటే కనీసం 20 శాతం తక్కువ ఉండాలని, గరిష్ఠ డిమాండు వేళల్లో ఇళ్లకు కనీసం 10 శాతం, వ్యాపారాలకు, పరిశ్రమలకు కనీసం 20 శాతం ఎక్కువ ఉండాలని చెప్పింది. వ్యవసాయం తప్ప అందరికీ 2025 ఏప్రిల్ 1 నాటికి వర్తింపజేయాలని గడువు పెట్టింది. ఏ గంటలు ఏ కోవలోకి వస్తాయో తేల్చేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. మా మే నెల బిల్లులో వేళ ధర లేదు, పాత శ్లాబులే ఉన్నాయి. కానీ వస్తే ఏమవుతుందో చూడటానికి లెక్క చాలు కదా.

మే నెల వాడకం 372 యూనిట్లు. మొదటి 30కి యూనిట్ 1.90, తర్వాతి 45కి 3, ఆపై 50కి 4.50, ఆపై 100కి 6 రూపాయలు. అక్కడికి 225 యూనిట్లు, 1,017 రూపాయలు. మిగిలిన 147కు 8.75 చొప్పున 1,286 రూపాయల 25 పైసలు. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి 225 యూనిట్ల కంటే చివరి 147 యూనిట్లకే ఎక్కువ కట్టాను. మొత్తం 2,303 రూపాయలు. సుంకం, ఇతర ఛార్జీలు దీనికి అదనం. సగటు యూనిట్ 6 రూపాయల 19 పైసలు.

ఇప్పుడు సాయంత్రం ఆరు నుంచి పది ప్రియమైన వేళ, తొమ్మిది నుంచి ఐదు చౌక వేళ అనుకుందాం. శ్లాబులతో దీన్ని ఎలా కలుపుతారన్నదాన్ని పక్కనబెట్టి సగటు ధరతోనే వేశాను. మేము ఏమీ మార్చకుండా ఉన్నా నెలకు 82 రూపాయలు తగ్గుతుంది, ఎందుకంటే ముగ్గురం పగలు ఇంట్లోనే ఉంటాం. ఇక మార్చగలిగినవన్నీ మారిస్తే? సంపు నుంచి పైట్యాంకుకు నీళ్లు ఎక్కించే మోటారు, వాషింగ్ మెషిన్, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్. ఇవే మా చేతిలో ఉన్నవి. వారానికి నాలుగు యూనిట్లు సాయంత్రం నుంచి పగటికి జరుగుతాయి. లాభం 82 నుంచి 115కు పెరుగుతుంది. అంటే మేము పడిన శ్రమకు నెలకు 33 రూపాయలు.

మా పక్క వాటాలో ఉన్న దంపతులిద్దరూ విజయవాడలో ఉద్యోగాలు చేస్తారు. పొద్దున్నే వెళ్లి రాత్రి ఏడున్నరకు వస్తారు. వాళ్ల యాప్ చూసి వాళ్లకూ వేశాను. వారానికి 60 యూనిట్లలో పగలు 6, సాయంత్రం 24. అదే లెక్కన వాళ్లకు నెలకు 27 రూపాయలు పెరుగుతుంది. ఆ అమ్మాయి "మాస్టారూ, పగలు వాడమంటే పగలు మేము ఇంట్లో ఉండాలి కదండీ" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. వంట, పిల్లవాడి చదువు, బట్టలు అన్నీ ఆ మూడు గంటల్లోనే. పెంపు చిన్నదే కావచ్చు, కానీ రోజంతా కష్టపడి వచ్చినవాళ్ల మీద పడి, ఇంట్లో ఉండే నా వంటివాడికి లాభం రావడం నాకు సబబుగా తోచదు. కాబట్టి ఇళ్లకు వేళ ధర ఐచ్ఛికంగా ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. కావాలన్నవాళ్లు తీసుకుంటారు, ముందుగా మూడు నెలలు రెండు రకాల బిల్లూ పక్కపక్కన చూపించి ఎంచుకోమంటే ఇంకా మంచిది.

మరి మా డబ్బు ఎక్కడ పోతోంది? పట్టికలోనే ఉంది. రాత్రి 36 యూనిట్లు. అమ్మ గదిలో ఏసీ. పదిన్నర నుంచి పదకొండు మధ్య అరగంటలో అర యూనిట్ దాటుతోంది, తర్వాత తగ్గి, తెల్లవారుజామున కూడా పావు యూనిట్ దగ్గరే నిలబడుతోంది. గది చల్లబడ్డాక అంత ఎందుకు? రెండు రాత్రులు లేచి వెళ్లి చూశాను. తలుపు కింద వేలు దూరేంత సందు. ఏసీ లోపలి జల్లెడ మీద బూడిద రంగు దుమ్ము తెట్టెలా కట్టి ఉంది. పైగా 24 డిగ్రీల మీద ఉంది. 2020 జనవరి నుంచి వస్తున్న ఏసీలు వేయగానే 24 దగ్గరే మొదలవుతాయి, మేము దాన్ని ముట్టుకోలేదు. జల్లెడ కడిగాం. తలుపు కింద మా ఆవిడ పాత చీర చుట్టి కుట్టిన మెత్త పెట్టింది. ఏసీ 27కు పెట్టి ఫ్యాను రెండో నంబరులో వేశాం. అమ్మను అడిగితే "ఇప్పుడే బాగుంది, తెల్లారగట్ల కాళ్లు చల్లబడటం లేదు" అంది. తర్వాతి వారం రోజుకు దాదాపు ఒక యూనిట్ తగ్గింది. నెలకు 31 యూనిట్లు, అన్నీ 8.75 మెట్టులోవి. 271 రూపాయలు.

వేళలు మార్చితే 33, వృథా ఆపితే 271. ఈ మీటరు మా ఇంటికి చేసిన మేలు ఇదే. ప్రచారమంతా వేళ ధరల చుట్టూ తిరుగుతోంది కానీ, నా వంటి మధ్యతరగతి ఇంటికి అరగంట లెక్క కళ్లెదుట కనబడటమే పెద్ద లాభం. దాన్ని అందరికీ చదవగలిగేలా ఇవ్వకుండా మీటరు మాత్రం గోడకు కొట్టి వెళితే, ఆ ఖర్చుకు అర్థం ఉండదు.

ఇంకొన్ని మాటలు. రీడింగు తేదీ ఇప్పుడు కచ్చితంగా ఒకటే. ఇదివరకు ఒక నెల 29 రోజులకు, మరో నెల 34 రోజులకు తీసేవారు, ఆలస్యమైనప్పుడల్లా పై శ్లాబు భయం ఉండేది. అది పోయింది, సంతోషం. మీటరు మీద బొత్తాం నొక్కుతూ పోతే గరిష్ఠ లోడు కూడా వస్తుంది. మా మంజూరు లోడు (ఒకేసారి వాడుకోవడానికి మాకు ఒప్పుకున్న పరిమితి) 3 కిలోవాట్లు, ఒకసారి మోటారు, ఏసీ, ఇస్త్రీ పెట్టె కలిసి 3.4 చూపించింది. ఒక్కసారికే లోడు పెంచేస్తారని కంగారు పడక్కర్లేదు. 2023 సవరణ ప్రకారం ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడుసార్లు దాటితేనే లోడు పెంచాలి, స్మార్ట్ మీటరు పెట్టక ముందు కాలానికి ఈ కారణంతో జరిమానా వేయకూడదు. మా సర్వీసుకు ముందుగా డబ్బు కట్టే పద్ధతి పెట్టలేదు, వాడిన తర్వాతే బిల్లు. అలాగే ఉండాలని కోరుకుంటున్నాను. ఈ మీటర్లలో దూరం నుంచే కరెంటు ఆపే ఏర్పాటు ఉంటుంది. నిల్వ అయిపోయిందని అర్ధరాత్రి అమ్మ గదిలో ఏసీ ఆగిపోవడం అన్న ఊహే నాకు నచ్చదు.

మార్కులు వేయమంటే మీటరు యంత్రానికి ఐదుకు నాలుగు. బిగించిన కుర్రాడి పనికి నాలుగు. చెప్పకుండా వచ్చిన తీరుకు ఒకటి. యాప్‌కు రెండు. బిల్లు తప్పు సరిదిద్దడానికి పట్టిన పంతొమ్మిది రోజులకు మార్కులు వేయలేను.

ఇన్వర్టర్ బ్యాటరీ జూన్‌లో మార్చాం. అదే నెలలో కార్యాలయానికి ఒక అర్జీ ఇచ్చాను. యాప్ తెలుగులో కావాలి, అరగంట లెక్క నెలకోసారి బిల్లు వెనుక అచ్చు వేయాలి, మీటరు మార్చే ముందు మూడు రోజులకు ముందే చెప్పాలి. మూడే అడిగాను. వీధిలో పదకొండు ఇళ్లవాళ్లు సంతకాలు చేశారు, పక్కింటి అమ్మాయిది మొదటి సంతకం. ఈసారి రసీదు అడగకముందే ఇచ్చారు.